మంచం వయోమింగ్‌లో, కొట్టం మొంటానాలో

ఓర్విల్ తాత ఇల్లు వయోమింగ్‌లో ఉంది, పశువుల కొట్టం మొంటానాలో ఉంది. రాష్ట్రాల సరిహద్దు ఆయన పెరట్లోంచి పోతుంది. మొంటానాలో పాలు పితికి, వయోమింగ్‌లో కాఫీ తాగుతాడు. ఆయన లెక్కలో అదంతా ఒకటే పెరడు. ప్రభుత్వం లెక్కలో మాత్రం మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడివాడు. అందుకని మొంటానా కొండల్లో వేటాడాలంటే ఆయన ఏటా బయటి రాష్ట్రం వాళ్ల లైసెన్సే కొనాలి.

ఈ వసంతంలో ఆ లైసెన్సు రుసుము బాగా పెంచుతారని తెలిసింది. పెంచితే ఇక కొనేది లేదని తాత ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి మనవరాలు మార్లీకి తిండి సయించడం లేదు. వచ్చే శరత్కాలం ఆమె మొదటి వేట. గాలి ఎటు వీస్తోందో చూడడం, ఎండుకొమ్మ విరగకుండా అడుగు వేయడం అన్నీ తాతే నేర్పాడు. ఆయన పక్కన లేని వేట ఆమెకు అసలు వేటే కాదు.

పైగా, దీని మీద మొంటానాలోని వాళ్ల ఊరి బడిలో పెట్టిన సభలో రుసుము పెంచమని మాట్లాడబోయేది ఆమె నాన్న డ్వేన్. సభకు వెళ్లే దారిలో ట్రక్కు నడుపుతూనే ఉపన్యాసం వల్లెవేస్తున్నాడు.

"బయటివాళ్లు మన గేట్లు బార్లా తీసి పోతారు. మన కొండల సంగతి వాళ్లకేం తెలుసు?"

"నాన్నా, తాత కూడా బయటివాడే కదా" అంది మార్లీ కిటికీలోంచి చూస్తూ.

"ఆయన బయటివాడేంటే, మా మామ."

"వయోమింగ్ కదా."

"పడుకునేటప్పుడు మాత్రమే."

బడి వ్యాయామశాల కిటకిటలాడుతోంది. పెంచాలనడంలో ఊరంతా ఒక్క మాట మీద ఉంది. చిక్కల్లా ఆ తర్వాతి మాటతోనే వచ్చింది. ఇనుప సామాన్ల కొట్టు లావెర్న్ లేచి, పెంచండి గానీ ఐడహో నుంచి వచ్చే మా తమ్ముణ్ణి వదిలేయండి అన్నాడు. లాడ్జి నడిపే బెర్నిస్, పెంచండి గానీ మా లాడ్జిలో దిగేవాళ్లకు వద్దంది. ఒకాయన అల్లుడికి మినహాయింపు కావాలన్నాడు, ఇంకొకాయన మాజీ అల్లుడికి రెట్టింపు వేయమన్నాడు.

వేట లైసెన్సులిచ్చే శాఖ తరఫున వచ్చిన అధికారిణి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అయితే ఎవరికి పెంచమంటారండీ?"

"టెక్సాస్ వాళ్లకి" అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు.

డ్వేన్ లేచి గొంతు సవరించుకున్నాడు. "మన కొండల సంగతి బయటివాళ్లకేం తెలుసు?"

"ఆ కొండల్లో నువ్వు దారి తప్పితే వెతికి తెచ్చిందెవరు, అల్లుడూ?" వెనక వరసలోంచి ఓర్విల్ తాత.

"నేను మిమ్మల్ని అనలేదు మామా."

"మరెవర్ని? ఈ హాల్లో ఉన్న బయటివాణ్ణి నేనొక్కణ్ణే."

"మంచం కొట్టంలో వేసుకోరాదూ, ఓర్విల్" అన్నాడు లావెర్న్.

"ఆవులు గురక పెడతాయి."

"ఇంట్లో మాత్రం లేదా?"

"ఆ గురక అలవాటైంది" అన్నాడు తాత. పక్కనున్న అమ్మమ్మ మోచేత్తో ఒక్కటి పొడిచింది.

ఇవాళ మంచం జరిపినా ఆర్నెల్లు గడిస్తేనే లెక్కలోకి వస్తుందని, ఈ ఏటి లైసెన్సుల గడువుకు అందదని అధికారిణి చెప్పింది. రుసుము పెరగడం దాదాపు ఖాయమేనంది. తాత టోపీ పెట్టుకుని లేచాడు.

తరగతిలో కూడా ఏనాడూ చెయ్యెత్తని మార్లీ చెయ్యెత్తింది. ఎత్తాక దించడం ఎలాగో తెలియలేదు.

"లైసెన్సు... తుపాకి పట్టుకున్నవాళ్లకేనా అండీ?"

"అవునమ్మా."

"ఊరికే పక్కన నడిచేవాళ్లకి?"

"నడవడానికి లైసెన్సెందుకు? వేటగాళ్లకు దూరం నుంచి కనబడేలా నారింజ రంగు చొక్కా తొడుక్కుంటే చాలు."

అందరూ తాత వైపు తిరిగారు.

"తుపాకి లేకుండా కొండెక్కడమా" అన్నాడాయన. "పెళ్లికెళ్లి భోంచేయకుండా వచ్చినట్టుంటుంది."

"పెళ్లి నాది కదా తాతా" అంది మార్లీ.

హాలు గొల్లుమంది. నాన్న అందరికంటే పెద్దగా నవ్వాడు. తాత టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "ఆ చొక్కాలు నీ కొట్లో ఉన్నాయా, లావెర్న్?"

వేట మొదటిరోజు, మంచు పట్టిన గడ్డిలో ఇద్దరూ బోర్లా పడుకున్నారు. తాత చొక్కా పండిన గుమ్మడికాయలా మెరుస్తోంది. తుపాకి లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచడం లేదు. ఎదురు వాలులోకి ఒక జింక నింపాదిగా వచ్చింది. మార్లీ తుపాకి భుజానికి ఆనించింది.

"తొందరపడకు" తాత గుసగుసలాడాడు. "జింక భుజం వెనక గురి చూడు. నేను నీ వయసులో..."

"తాతా, ష్."

"సరే సరే. ఒక్క మాట. ఊపిరి..."

జింక చెవులు రిక్కించింది. ఇద్దర్నీ తీరిగ్గా చూసి, ఒక్క దూకులో గట్టు దాటిపోయింది.

"నా తప్పేం లేదు" అన్నాడు తాత. "ఇన్నేళ్లూ తుపాకి చేతిలో ఉండబట్టి నోరు మూసుకున్నాను."

మార్లీ తుపాకి పక్కన పెట్టి, గడ్డిలో వెల్లకిలా పడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు చుట్టుపక్కల మిగిలిన జింకలు కూడా పారిపోయే ఉంటాయి. ఒక్క జింక దొరికితే ఈ ఏటికి ఆమె లైసెన్సు అయిపోతుంది. దొరక్కపోతే రేపూ రావచ్చు, ఎల్లుండీ రావచ్చు.

"రేపు నోటికి గుడ్డ కట్టుకొస్తాలే" అన్నాడు తాత.

"వద్దు తాతా" అంది మార్లీ. "'నేను నీ వయసులో' అంటూ ఆపేశావు. అప్పుడేమైంది? చెప్పు."