మనోడు ఇప్పించిన వజ్రం

కుక్కర్ రబ్బరు మూడు నెలలుగా ఆవిరి వదులుతోంది. అయిదు విజిళ్లకు ఉడకాల్సిన మటన్‌కు పదకొండు పడుతున్నాయి. ఆ పదకొండూ విజిళ్లని చెప్పడానికి లేదు, జలుబు చేసిన మనిషి ముక్కు చీదినట్టు ఉంటాయి. కొత్త రబ్బరు ఫోన్లో ఆర్డర్ పెడితే రెండు రోజుల్లో వస్తుందని స్తుతి అప్పుడే అంది. "ఫోన్ల ఎందుకే? మార్కెట్ల మనోడున్నడు. అసలు కంపినీది ఇప్పిస్తడు" అన్నాడు ఆమె భర్త ఎబినేజర్. మనోడు ఇంకా ఇప్పిస్తూనే ఉన్నాడు.

ఎబినేజర్‌కు ప్రతిదానికీ ఒక మనోడు ఉంటాడు. బియ్యానికి ఒకడు, ఫ్యాన్లకు ఒకడు, రైలు టికెట్టుకు ఒకడు. తెలిసినవాడి దగ్గర ధర అడగకూడదు, తెలియనివాడి దగ్గర కొనకూడదు అన్నది అతని పద్ధతి. అందుకని మంచిర్యాలలోని ఆ ఇంటికి ఏ వస్తువూ సమయానికి రాదు. వచ్చింది పాడైతే తిరిగి ఇవ్వడానికీ లేదు, మనోడు బాధపడతాడు. ఈ ఏర్పాటులో స్తుతి వంతు పని చాయ్. దోస్తీ చేసేది ఎబినేజర్, దానికి పాలు కాచేది ఆమె.

స్తుతి స్టేషన్ దగ్గర రక్తపరీక్షల ల్యాబులో పందొమ్మిదేళ్లుగా టెక్నీషియన్. పెళ్లినాటి ఉంగరం మరిది కాలేజీ ఫీజుకు పోయింది. మళ్లీ చేయిస్తామన్నవాళ్లంతా మాట మీద నిలబడ్డారు, ఇప్పటికీ చేయిస్తామనే అంటున్నారు. అందుకే ఈసారి తానే కొనుక్కోవాలనుకుంది. పొద్దున్నే షుగర్ పేషెంట్ల ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొస్తే ల్యాబు వాళ్లు విడిగా ఇచ్చేది రెండేళ్లు దాచింది. ఫోన్లో నెలల తరబడి చూసి, కందిపప్పు బద్దలో సగం ఉన్న ఒక వజ్రపుటుంగరం మెచ్చింది. దానికి సర్టిఫికెట్టు ఉంది, సర్టిఫికెట్టు మీద నంబరుంది. అదే నంబరు రాయి అంచు మీద కంటికి కనబడనంత చిన్నగా చెక్కి ఉంటుందట. రోజంతా సీసాల మీద నంబర్లు రాసే మనిషికి ఇది బాగా నచ్చింది. నంబరు మొత్తం నోటికొచ్చేసింది, చివర ఏడు, మూడు, ఒకటి, ఆరు. ఆ పేజీని వాట్సాప్‌లో ఎబినేజర్‌కు పంపింది. పంపకుండా కొనొచ్చని ఆమెకు తోచలేదు. పెళ్లయీ పందొమ్మిదేళ్లే, అదీ అప్పటి నుంచి ఉన్న అలవాటే.

"ఫోన్ల జూసి వజ్రం కొంటరానే? డబ్బ ఇప్పితే సబ్బుబిళ్ల ఎల్తది."

"సర్టిఫికెట్ ఉన్నది. నంబర్ గూడ ఉన్నది."

"కాయితం ఎవడన్న గుద్దుతడు. మా బావకు సూరత్‌ల దోస్తున్నడు. పైసలు బావకిద్దం. రక్తం, మూత్రం జూసేదానివి, వజ్రం సంగతి నీకేం తెలుస్తది?"

బావ అంటే ఎబినేజర్ అక్క మొగుడు, కరీంనగర్ దేవసహాయం. మనోళ్లలోకెల్లా పెద్ద మనోడు. ఆ తర్వాత వరసగా ఎనిమిది ఆదివారాలు, చర్చి అయ్యేసరికి ఆయన కరీంనగర్ బస్సు దిగాడు. వజ్రం గురించి మాట్లాడటానికే వచ్చేవాడు, కానీ మటన్‌లోని మూలిగ బొక్క గురించి ఎక్కువ మాట్లాడేవాడు. "సూరత్‌కు చెప్పిన చెల్లె. మంచి మాల్ రావాల్నంటే జర ఓపిక వట్టాలె. ఇంకో గంటెడు పులుసు పొయ్యి." పులుసులో చింతపండు ఎక్కువైతే ఆయనకు ఛాతీ మండుతుంది, తక్కువైతే మనసు మండుతుంది. ఫోన్లో వజ్రాలమ్మేవాడు ఒక్కసారైనా భోజనానికి రాలేదు. వాడికి బీపీ ఉందో లేదో స్తుతికి తెలియాల్సిన అవసరమే పడలేదు. ఇది ఆమె అప్పుడే గమనించాల్సింది, కానీ స్టవ్ దగ్గర విజిళ్లు లెక్కపెడుతూ ఉండిపోయింది.

తొమ్మిదో ఆదివారం ఉంగరం వచ్చింది. ఫోన్లో చూసిన ధర కంటే ఎక్కువే పడింది గానీ, అది మనోళ్ల రేటట. ఎబినేజర్ ఉంగరం మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. దేవుడికి స్తోత్రం, బావకు స్తోత్రం, సూరత్ దోస్తుకు దీర్ఘాయుష్షు. డబ్బెవరిదో దేవుడికి తెలుసు కదా అని కాబోలు, ఆ ఒక్క సంగతి వదిలేశాడు.

"కాయితం ఇయ్యలేదా అన్నయ్యా?" అంది స్తుతి.

"మనోళ్ల నడుమ కాయితమేంది చెల్లె?" అన్నాడు దేవసహాయం. పక్కన వదిన మూతి ముడిచింది. స్తుతి ఆమెకు ఇంకో రెండు ముక్కలు వేసింది, క్షమాపణ కింద.

మరుసటి వారం చర్చిలో ఆడవాళ్లంతా ఆమె వేలు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "దేవసహాయమన్న ఇప్పిచ్చిండట గద!" అన్నారు. వేలు మాత్రం స్తుతిది కాదని ఎవరూ అనలేదు.

ల్యాబులో రాయి తగిలి చేతి గ్లౌజులు చిరిగిపోతుండేవి. అందుకని ఉంగరం తీసి టేబుల్ మీద పెట్టేది. ఒక బుధవారం మధ్యాహ్నం పేషెంట్లు లేరు. తనతో పనిచేసే ఆఫ్రీన్ ఆ ఉంగరం వేలికి తొడుక్కుని చూసుకుంటూ, "అక్కా, మైక్రోస్కోప్ కింద పెట్టి జూద్దమా?" అంది. సరదాకే పెట్టారు. ఉంగరాన్ని నిలబెట్టి, ఆఫ్రీన్ పక్కనుంచి ఫోన్ లైటు కొట్టింది. స్తుతి తిప్పుతూ పోయింది. మొదట చీమలబారు లాంటి గీత కనిపించింది. ఇంకొంచెం తిప్పితే చీమలు అంకెలయ్యాయి. ఏడు. మూడు. ఒకటి. ఆరు.

మొదటి నుంచి మళ్లీ చదివింది. మొత్తం నంబరు అదే. ఫోన్లో ఆ పాత పేజీ తెరిచింది. అమ్ముడుపోయింది అని ఉంది.

"ఏమైందక్కా? డూప్లికేటా?"

"కాదు. అసలుదే."

"మరి గట్ల కూసున్నవేంది?"

నకిలీదయితే బాగుండుననిపించింది స్తుతికి. నకిలీదయితే సూరత్‌ను తిట్టుకోవచ్చు, ఇంట్లో అందరూ కలిసి ఏడవచ్చు. ఇది తాను వెతికిన రాయి, తాను నమ్మిన రాయి, తన డబ్బుతో తన దగ్గరికే వచ్చిన రాయి. నడుమ ఎనిమిది ఆదివారాలు తన వంటింట్లోంచి చుట్టు తిరిగి వచ్చింది. ఆ పేజీని ఆమె లోకంలో ఒక్కడికే పంపింది. 'నీకేం తెలుస్తది' అన్న నోరు, ఆమెకు తెలిసినదాన్నే తీసుకెళ్లి బావ చేతిలో పెట్టింది.

సాయంత్రం ఎబినేజర్ టీవీ ముందున్నాడు. ఆ పేజీ చూసే బావ కొన్నాడా అని అడిగింది. అతను కాదనలేదు, టీవీ సౌండు మాత్రం తగ్గించాడు.

"అయితే ఏమైంది? నువ్వు మెచ్చిందే వచ్చింది గద! సూరత్ దోస్తు ఫోనెత్తలే. బావ మాటిచ్చి కూసున్నడు. ఆయన ఇజ్జత్ సంగతి సోంచాయించవా?"

"మరి నా ఇజ్జత్?"

"నీదెవడు జూస్తడే? ఇంట్లనే ఉంటది గద." ఆ వెంటే అసలు విషయం చెప్పాడు. "ఈ ఆదివారం బావ దోస్తు సదానందం, ఆయన పెండ్లాం వస్తున్నరు. బిడ్డ లగ్గానికి ఉంగరం గావాల్నట. బావనే ఇప్పిస్తడు. నీది జర చూపెట్టు. మటన్ కిలోన్నర తెస్త."

స్తుతి ఆ రోజే కుక్కర్ రబ్బరు ఆర్డర్ పెట్టింది, ఎవరికీ పేజీ పంపకుండా. శుక్రవారం వచ్చింది. శనివారం ల్యాబు యజమాని మోయిజ్ సాబ్ దగ్గరికెళ్లి, మూలన పడున్న పాత మైక్రోస్కోపు ఒక్కరోజు ఇంటికిమ్మని అడిగింది. "పిల్లల సైన్స్ ప్రాజెక్టా?" అన్నాడాయన. "సైన్సే సార్. పిల్లలకు గాదు" అంది.

ఇప్పుడు ఆదివారం, ఒంటిగంట. కొత్త రబ్బరుతో మటన్ అయిదు విజిళ్లకే ఉడికిపోయింది, విజిళ్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. భోజనాల బల్ల మీద, మటన్ గిన్నె పెట్టే చోట, మైక్రోస్కోపుంది. దాని కింద ఉంగరం నిలబెట్టి ఉంది, అంకెలు కనబడేలా స్తుతి సరిచేసి పెట్టింది. పక్కన సర్టిఫికెట్టు పేజీ ప్రింటు. సదానందం దంపతులు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు, వెనక దేవసహాయం వదినతో సహా వస్తున్నాడు. "గదేందే బల్ల మీద?" అని ఎబినేజర్ గొంతు సన్నగా అడుగుతోంది.

చూపించాలా వద్దా అన్నది మిమ్మల్ని అడగడం లేదు, అది ఆమె బుధవారమే తేల్చుకుంది. తేలనిది ఒక్కటే. పందొమ్మిదేళ్లుగా ముందు అందరికీ వడ్డించి తర్వాత నోరు తెరిచిన మనిషి. దయచేసి చెప్పండమ్మా, మీకు దండం పెడతాను, వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేలోపు తేల్చాలి. ముందు నంబరు చదివించమంటారా, అన్నం పెట్టమంటారా?