పక్కా ఫ్యామిలీ ఏరియా

"ఇదిగో చూడు, పక్కా ఫ్యామిలీ ఏరియా!" అన్నాడు భర్త ఫోన్లోంచి.

ఆమె కూతురి బడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఫోను బల్ల చివర నీళ్ళసీసాకి ఆనించి నిలబెట్టి ఉంది. అందులో ఓ పెద్ద గేటు, గేటు దగ్గర సలాము కొట్టే కాపలావాడు, లోపల పచ్చగడ్డి, గడ్డి మధ్య జారుడుబల్ల, బెంచీలు, అన్నీ ఊగుతూ ఊగుతూ వస్తున్నాయి. వాటి వెనక కనుచూపుమేర ఎడారి. ఎవరు తాగాల్సిన నీళ్ళు తాగి ఆ గడ్డి అంత పచ్చగా ఉందో అనుకుంది ఆమె.

"బస్సెక్కడ ఆగుతుందండీ?"

"ఉయ్యాలలు చూశావా? ఎక్కించామంటే పాప దిగమన్నా దిగదు!"

"ఉయ్యాలలు బావున్నాయి. బస్సో?"

"చొక్కా మాడిపోతుంది చూసుకో," అని ఫోను పెట్టేశాడు.

చొక్కా ఏమీ మాడలేదు. ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టే ఉంది, అది ఆయనకీ కనిపిస్తూనే ఉంది. బస్సు గురించి ఆమె అడగడం ఇది మూడోసారి. మొదటిసారి సిగ్నల్ పోయింది, రెండోసారి ఎవరో పిలిచారు, ఇప్పుడు చొక్కా. ఇందులో ఏదో మతలబు ఉందనుకుంది.

సంగతేమిటంటే, ఆయన ఏసీల కంపెనీలో సూపర్‌వైజరు. ఆ కంపెనీ ఆయన్ని రెండు నెలల కిందట ఆ ఎడారి ఊరికి పంపింది. ఏసీలు అమ్ముకునేవాళ్ళకి అంతకన్నా మంచి ఊరేముంటుంది? ఆమెది నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు. పద్నాలుగేళ్ళుగా ఏ కుళాయి నీళ్ళు తాగొచ్చో, ఏవి తాగకూడదో పరీక్షించి, కింద సంతకం పెట్టి చెబుతోంది. ఆ ల్యాబుకి అక్కడా ఓ శాఖ ఉందని తెలిసిన మర్నాడే బదిలీకి అర్జీ పెట్టుకుంది. వచ్చింది కూడా, ఏకంగా ఒక విభాగానికి పెద్దగా. ఒకటో తారీఖున చేరాలి. చేరకపోతే అక్కడి కుర్చీ వరసలో తర్వాతివాళ్ళకి పోతుంది. ఇక్కడి కుర్చీ ఇప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. అంటే ఇప్పుడు కుదిరే ఇల్లు ఆ ల్యాబుకి వెళ్ళిరాగలిగే చోట ఉంటే ఆమెకి ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంతే. బదిలీ వచ్చిందని సంబరంగా చెబితే ఆయన "మంచిదేగా" అన్నాడు. పక్కింటివాళ్ళు కొత్త బీరువా కొన్నారని చెప్పినా అలాగే అంటాడు.

ఇల్లు చూడడం ఆయన పని. ఎలా ఉండాలో చెప్పడం ఆమె పని. పని ఇలా పంచింది ఆయనే. "నీకు నచ్చిందే తీసుకుందాం, నీ ఇష్టమే నా ఇష్టం," అని పెద్దమనసు చేసి చెప్పాడు. ఆమె మూడు రోజులు కూర్చుని ఊరి పటం చూసి, ల్యాబు ఎక్కడ, బడి ఎక్కడ, ఏ వీధిలో నీడ ఉంటుంది, బస్సులు ఏ వేళ తిరుగుతాయి, అన్నీ కనుక్కుని నాలుగు చోట్లు రాసి పంపింది. మొదటి చోటు బడి పక్కనే ఉంది, పిల్లల గోల పడలేమన్నాడు. రెండో చోటికి బడి దూరమన్నాడు. మూడోచోట అన్నీ కొట్లేనట. నాలుగోచోట ఒక్క కొట్టూ లేదట. ఆమె ఇవన్నీ ఒక చీటీ మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని చూసింది. ల్యాబులో ఇలాంటి ఫలితాలు వస్తే నమూనా తీసుకున్న మనిషిని పిలిచి నిలదీస్తారు. ఇంట్లో అలా పిలవడం కుదరదు. పిలిస్తే "మొదలెట్టావా అనుమానాల పుట్టా!" అంటారు.

ఆ ఇంట్లో ఆమెకి ముద్దుపేరు అదే. కాపురానికి వచ్చిన వారానికి బిందెలో నీళ్ళు వాసన చూసి ఇవి ఎక్కడివని అడిగింది. అత్తగారితో సహా అందరూ పగలబడి నవ్వారు. ఆ వారమంతా ఇంటిల్లిపాదికీ కడుపులు పాడయ్యాయి. అయినా పేరు మాత్రం ఆమెకే మిగిలింది. తర్వాత్తర్వాత ఆ పేరు ఎంత పనికొచ్చిందో చెప్పలేం. జీతం పెరిగిన నెలలో ఇంటిపనికి మనిషిని పెట్టుకుందామంటే, "నీకు ఎవరి పని నచ్చుతుంది? అనుమానం మనిషివి," అన్నారు. కారు నేర్చుకుంటానంటే, "రోడ్డు మీద ప్రతి బండినీ అనుమానిస్తావు, నీకెందుకులే, నేనున్నాగా," అన్నాడాయన. ఏమడిగినా తప్పు అడగడంలోనే ఉన్నట్టు తేలేది. కొన్నాళ్ళకి ఆమే నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగేసి, నాది నిజంగానే రోగమేమో అనుకోవడం మొదలెట్టింది. పద్నాలుగేళ్ళుగా ఊరు ఊరంతా నమ్ముతున్న మనిషి, తన మీద తనకే నమ్మకం లేక గిన్నెలు తోముకుంటూ నిలబడేది. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబులో ఈ ముక్క సీసాలక్క చెవిన వేసింది. సీసాలక్క అంటే నమూనా సీసాలు కడిగే ఆవిడ. ఇరవై ఏళ్ళుగా కడుగుతోంది, అందరి కాపురాలూ ఆవిడకి తెలుసు.

"అక్కడ ఎవత్తినో చూసుకున్నాడమ్మాయ్," అని ఒక్క ముక్కలో తేల్చేసింది సీసాలక్క.

"చాల్లే అక్కా. ఆయన గళ్ళచొక్కా వేసుకోవాలో గీతల చొక్కా వేసుకోవాలో నన్ను ఫోన్లో అడుగుతాడు. ఇంకొకావిడని చూసుకోవాలన్నా నన్నడిగే చూసుకుంటాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక సీసాలక్క, "అయితే ఇళ్ళు చూపించేవాళ్ళనే అడుగు. మొగుళ్ళు మనకి చెప్పని సంగతులు బయటివాళ్ళకి చక్కగా చెబుతారు," అంది.

పొద్దున ఫోన్లో చూసిన గేటు పక్కన బోర్డు మీద ఓ నంబరుంది. ఆమె దాన్ని అప్పుడే రాసుకుంది. ఎందుకు రాసుకున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదే. వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది. ఎత్తింది ఇళ్ళ ఏజెంటు, ఆడమనిషే, హుషారు గొంతు. తను ఫలానావారి భార్యనని చెప్పింది.

"అయ్యో మీరా మేడమ్! సార్ మీ గురించి అన్నీ చెప్పారు మేడమ్. మీరు కావాలన్నట్టే వంటగది పక్కన విడిగా గది ఉంది, దానికి బయటికి తలుపు కూడా ఉంది. ట్యూషన్ పిల్లలు మీ హాల్లోంచి రానక్కర్లేదు మేడమ్, అటునించి అటే వచ్చి కూర్చుంటారు."

"ఎవరి ట్యూషన్ పిల్లలు?"

"మీ పిల్లలే మేడమ్! సైన్సు చెబుతారట కదా. కాలనీ గ్రూపులో కూడా పెట్టాం. అప్పుడే నలుగురు తల్లులు అడిగారు మేడమ్, ఒకటో తారీఖునుంచే మొదలెడతారా అని."

ఆమె గోడకి ఆనుకుంది. తను ఒక్కసారైనా అడుగుపెట్టని ఊళ్ళో, ముక్కూమొహం తెలియని నలుగురు పిల్లలు పుస్తకాలు సర్దుకుని తనకోసం కూర్చున్నారు! జన్మలో ఎవరికీ పాఠం చెప్పి ఎరగదు. కూతురికి లెక్కలు చెప్పబోతే పది నిమిషాల్లో ఇద్దరూ ఏడుపు మొహాలు పెట్టి లేస్తారు.

"ఈ గది సంగతి ఆయన ఎప్పుడు చెప్పారు?"

"సార్ దిగిన వారంలోనే మేడమ్. కాలనీ అప్పుడే చూసి ఖాయం చేసుకున్నారు. ఇల్లు ఖాళీ కావడానికే ఇన్నాళ్ళు పట్టింది."

వారంలోనే. మరి ఆ పటం, ఆ నాలుగు చోట్లు, పిల్లల గోల, కొట్ల గోల? ఏడు వారాలు ఆమెచేత ఉత్తుత్తి ఆట ఆడించాడన్నమాట. పోనీ సీసాలక్క అన్నట్టు ఇంకొకావిడ ఉన్నా బావుండేది. నలుగురిలో చెప్పుకోవడానికి అదొక తప్పుగా కనబడేది. ఇది ఎవరికి చెప్పినా "పాపం, నీకు శ్రమ తగ్గిద్దామనే కదమ్మా" అంటారు. ఫ్యామిలీ ఏరియా అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. కూతురికి ఉయ్యాలలున్నాయి, అత్తగారికి గడ్డిలో బెంచీ ఉంది, ఆయన కారుకి నీడ ఉంది. తనకేముందని వెతికితే పెద్ద వంటగది ఉంది, దాని పక్కన ఇంకో గది ఉంది. గేటు దాటితే ఇసక. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆరింటికి ఆయనతో వెళ్ళిపోతుంది. తాళం వెయ్యనక్కర్లేదు, ఎండే కాపలా కాస్తుంది.

"నీళ్ళ ల్యాబుకి దగ్గర్లో ఇల్లేదైనా ఉందా అండీ?" అని అడిగింది.

"రెండు పడగ్గదులది ఒకటుంది మేడమ్, కింద టైలరు షాపు. సార్‌కి చూపించాను. ఫ్యామిలీ ఏరియా కాదన్నారు."

"రేపు ఒంటిగంటకి ఆ ఇంటి గుమ్మంలోంచి బయల్దేరి ల్యాబు గేటుదాకా నడుస్తూ నాకు వీడియో తీసి పంపిస్తారా?"

"ఒంటిగంటకా? ఇక్కడ ఆ వేళప్పుడు ఎవరూ నడవరు మేడమ్!"

"నేను నడవాలి కదా. అందుకని."

ఇంటికొచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గర కూరలు తరుగుతోంది. ఆమె సంచీ కూడా దించలేదు.

"అత్తయ్యా, నేను ట్యూషన్లు చెప్పబోతున్నానని మీకు తెలుసా?"

అత్తగారు తలెత్తలేదు. కత్తి మాత్రం ఆగింది.

"వాడు చెప్పాడు. నీతో మాట్లాడే ఉంటాడనుకున్నా." ఇంకో ముక్క తరిగి, "అనుకున్నానా అంటే... అనుకోలేదులే. పొద్దున్నే ఆ ఉరుకులూ పరుగులూ తప్పుతాయి, నీకూ సుఖమే కదా అనిపించింది," అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకి ఎక్కువ బాధనిపించింది. సుఖం గురించి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు, సుఖపడాల్సిన మనిషిని తప్ప. సాయంత్రం ఆయన ఫోన్ చేసేదాకా ఆగలేక తనే చేసింది.

"నాకు నలుగురు పిల్లలు కుదిరారట," అంది.

"ఆ ఏజెంటుకి నోరాగదు. అయినా నువ్వెందుకు ఫోన్ చేశావు దానికి? అనుమానమా?" అన్నాడు.

"అనుమానం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు లేదు."

"చూడు, ఉద్యోగం మానెయ్యమని నేను నీతో ఒక్కసారైనా అన్నానా?"

"అనలేదు. అనకుండానే మాన్పించేశారు."

"పద్నాలుగేళ్ళు చేశావు, ఇంకా ఎంతకాలం? పాప పెద్దదవుతోంది. అమ్మకి ఓపిక తగ్గుతోంది. నువ్వేమో ఆ సీసాలూ నువ్వూ. అందరి మంచీ చూసే కదా చేశాను."

"నాతో ఒక్క మాట అంటే సరిపోయేదిగా."

"అంటే నువ్వు ఒప్పుకోవు కదా!"

అనేశాడు. అన్నాక తనేమన్నాడో ఆయనకీ తెలిసినట్టుంది. ఆమెకి కోపం రావాల్సింది, రాలేదు. ఇన్నేళ్ళూ ఆయనకి తెలియక చేస్తున్నాడని, మగవాళ్ళకి తట్టదని, విడమరిచి చెబితే అర్థం చేసుకుంటాడని తనకి తనే సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఆయనకి అన్నీ తెలుసు. ఒప్పుకోనని తెలుసు కాబట్టే అడగలేదు. ఇంక తను సర్దిచెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

"శుక్రవారం సంతకం పెట్టేస్తున్నాను. నువ్వు ఊరికే బుర్ర పాడుచేసుకోకు," అన్నాడు ఆయన.

"సరేనండి," అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఒకటిన్నరకి వీడియో వచ్చింది. ఏజెంటు రొప్పుతూ, తిట్టుకుంటూ, గొడుగేసుకుని నడిచింది. టైలరు షాపు, దాని పక్కన మందుల షాపు, ఓ కూరల కొట్టు, వాటి ముందు పొడుగునా కప్పు వేసిన అరుగు, అరుగు మీద నీడ. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. రోడ్డు దాటేచోట మాత్రం ఎండ మొహాన కొట్టింది. అంతలో ల్యాబు గేటు. మొత్తం తొమ్మిది నిమిషాలు.

ఎప్పుడొచ్చి నిలబడిందో, అత్తగారు ఆమె భుజం మీదుగా ఫోన్లోకి చూస్తోంది.

"ఆ కొట్లు ఇంటి కిందేనా?"

"ఆఁ, కిందే."

"వాడు చూసినచోట?"

"అక్కడ గేటు బయట ఏమీ లేదత్తయ్యా. కారుంటేనే కదలాలి."

"వాడు ఆరింటికే పోతాడుగా."

"పోతారు."

అత్తగారు వీడియో మళ్ళీ పెట్టమంది. మెట్ల మీద ఆడవాళ్ళ దగ్గర ఆపమంది. ఆ మొహాలకేసి చాలాసేపు చూసి, "నన్నూ ఇక్కడే ఉంచు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొడుకు ఊసెత్తలేదు.

ఆమె ఏజెంటుకి ఫోన్ చేసి ఆ ఇల్లు తన పేరున రాయమంది.

"ఇంకోసారి ఆలోచించుకోండి మేడమ్. అది ఫ్యామిలీ ఏరియా కాదు."

"మేం దిగాక అవుతుందిలెండి."

ఏజెంటు నవ్వింది. కాగితాల చప్పుడైంది. "సరే మేడమ్, ఉండేవాళ్ళ వివరాలు రాసుకోవాలి. ఎంతమంది?"

"ముగ్గురం. నేను, మా అత్తగారు, మా అమ్మాయి."

"మరి సార్? సార్‌ని కూడా కలిపేద్దామా మేడమ్?"

"ఇప్పుడే వద్దు. ఆయన్నింకా అడగలేదు," అంది ఆమె. "మనిషిని అడక్కుండా ఎలా రాసేస్తామండీ?"