అత్తగారి బరువు

పొద్దున్నే కాఫీ కన్నా ముందు కోడలికి ఒక పనుంది. మోటార్‌హోమ్ చుట్టూ తిరిగి టైర్లలో గాలి చూసుకోవడం. ఆ బండే వాళ్ళ ఇల్లు. పొయ్యి, మంచాలు, మొగుడు, అత్తగారు, అంతా అందులోనే. లారీల షెడ్డులో పనిచేసిన చేయి కనుక పాత షాక్ అబ్సార్బర్లు పీకి కొత్తవి తనే బిగించింది. పై అరల్లోని బరువైన సామానంతా కిందికి దింపింది. లారీలు తూచే వెయిబ్రిడ్జి మీద ఒక్కో చక్రాన్నీ తూయించి, దానికి తగ్గట్టు గాలి కొట్టింది. బండి ఊగకూడదని ఆమె పంతం. ఊగితే మొగుడికి కడుపులో తిప్పేస్తుంది. కొండ మీది ఊళ్ళో ఒకాయన బండి కొనడానికి కాచుకుని ఉన్నాడు.

“పైదాకా వాంతి కాకపోతే అమ్మను. అయ్యిందా, ఇచ్చేస్తాను. ఇంక నా వల్ల కాదు,” అన్నాడు మొగుడు.

కోడలు నడుపుతుంటే సగం కొండ వరకూ బండి బుద్ధిగా ఎక్కింది. మొగుడు ఈల కూడా వేశాడు. అంతలో వెనక ఎడమ మూల మంచం మీంచి అత్తగారు అడిగారు.

“ఎవరినడిగి అమ్ముతున్నావురా ఇల్లు?”

బండి ఆ మూలకు ఒరిగింది. కోపమొస్తే అత్తగారు బరువెక్కుతారు. చిన్న కోపమైతే ఒక సిమెంటు బస్తా, పెద్దదైతే ఐదారు. హుషారుగా ఉన్న రోజు తూకానికి అందనే అందరు. ఆ కోపానికి తట్టుకోవాలనే కోడలు మంచానికి ఇనప కాళ్ళు వేయించింది. వెయిబ్రిడ్జికి వెళ్ళిన రోజు ఆవిడ మహా హుషారుగా ఉన్నారు. కోడలు నాలుక కరుచుకుంది. అన్నీ తూచి, అత్తగారి కోపాన్ని వదిలేసింది.

తర్వాతి మలుపులో బండి తూలింది. మొగుడి మొహం పాలిపోయింది.

“అమ్మా, కాస్త శాంతించవే,” అన్నాడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆవిడకు పెళ్ళైన దగ్గర్నుంచీ అందరూ చెప్పే మాటే అది. ఇంకో బస్తా పెరిగింది.

కోడలు బండి పక్కకు ఆపింది.

“అత్తయ్యా, శాంతించకండి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో, బండి లోపల కింద కూర్చోండి. కోపం మాత్రం తగ్గనివ్వకండి. అక్కడ మీ బరువు పడితే బండి ఊగదు.”

“నిజంగానే అంటున్నావా?”

“నిజంగానే.”

అత్తగారు వచ్చి నడిమధ్యన మఠం వేసుకుని కూర్చున్నారు. కింద చెక్కలు కిర్రుమన్నాయి. కొడుకు రెండో తరగతిలో పోగొట్టిన చెప్పుల జతతో మొదలుపెట్టారు. బండి మళ్ళీ బయల్దేరి, రోడ్డుకు అతుక్కున్నట్టు సాగింది. పక్కనుంచి ఈదురుగాలి కొట్టినా చలించలేదు. మలుపు కనపడగానే “ఇంకొంచెం, అత్తయ్యా,” అనేది కోడలు. ఆవిడ ఇంకో సంగతి తవ్వి తీసేవారు.

పైన కొనేవాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. మొగుడు దిగి ఒళ్ళు విరుచుకున్నాడు.

“బండి అమ్మడం లేదండీ. ఇక్కడ భోజనం ఎక్కడ దొరుకుతుంది? ఆకలి దంచేస్తోంది.”

కోడలికి గర్వంతో కళ్ళు చెమ్మగిల్లాయి. బండిలోంచి అత్తగారు తల బయటపెట్టారు.

“దిగే దారిలో ఇంతకన్నా పెద్ద మలుపులున్నాయటగా, అమ్మాయ్? వీడి పెళ్ళినాటి సంగతులు నేనింకా మొదలే పెట్టలేదు.”