లిఫ్టులో గడిచిన మధ్యాహ్నం

లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ రాసే ఆ కంపెనీలోది, ఉద్యోగం వెతుక్కుంటున్న ఆమెకు ఐదో ఇంటర్వ్యూ. పన్నెండేళ్ల అనుభవం ఉన్న మనిషిని పట్టుకుని, బస్సులో ఎన్ని బంతులు పడతాయని అడిగారు. ఆమె నోటికొచ్చిన అంకె ఏదో చెప్పింది. "మళ్లీ కబురు చేస్తాం" అన్నారు. ఆ మాటకు అర్థం ఆమెకు కొత్తేం కాదు.

కిందికి దిగుతుంటే లిఫ్టు ప్రతి అంతస్తు దగ్గరా, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఒక్క క్షణం తటపటాయించింది. మూలన నేలమీద మఠం వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్‌తో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆ లిఫ్టు ప్రోగ్రాం రాసిన ఇంజనీరు ఆయనే.

"పది రోజులుగా ఇదే వరసమ్మా. అంతు చిక్కట్లేదు."

"తలుపు మూసుకుందని సెన్సరు ఒకసారి చెప్తే ఈ లిఫ్టు రెండుసార్లు వింటోందేమో బాబాయ్‌గారూ. చూద్దామా?"

ఆమె కూడా చతికిలబడింది. ఇద్దరూ పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నారు. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఒక్కో అంతస్తు కలలా కనబడి మాయమయ్యేది. ఒకచోట ఎండ పడ్డ ఖాళీ కుర్చీలు, ఇంకోచోట ఎవరిదో నవ్వు, మరోచోట మొక్కలకు నీళ్లు పోస్తున్న చెయ్యి. తనెందుకొచ్చిందో కూడా ఆమె మరిచిపోయింది. సాయంత్రానికి ఆమె అనుమానమే నిజమని తేలింది. సరిదిద్దాక లిఫ్టు నిద్రలోకి జారుకున్నంత మెత్తగా దిగింది.

ఆయన ఆమెను వెంటబెట్టుకుని తిన్నగా మేనేజరు గదికి వెళ్లాడు. "నా పక్కన కూర్చోవాల్సిన మనిషి దొరికింది. ఇకమీదట ఎవరొచ్చినా ముందు ఒక పూట మాతో పనిచేయనివ్వండి," అన్నాడు.

మేనేజరు కాదనలేకపోయాడు. ఆమె బయటికొచ్చాక వాళ్లక్క ఫోన్ చేసి, "ఇంటర్వ్యూలో ఏమడిగారే?" అంది.

"ఉద్యోగమిచ్చిన ఇంటర్వ్యూలో ఏమీ అడగలేదక్కా," అని ఆమె చాలాసేపు నవ్వుతూ నిలబడింది.