అట్ట మీద ఎవరి పేరు

నన్ను రావద్దన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. "నువ్వెందుకక్కా, అక్కడ ఊరికే కూర్చోవాలి, నీకు విసుగు" అంది చెల్లి. విసుగట! నా కథలు పుస్తకంగా వస్తుంటే, దానికి పేరు పెట్టడానికి వెళ్తుంటే, నాకు విసుగట. చెప్పులు వేసుకుని వాళ్ళకంటే ముందే గుమ్మం దిగాను.

వాళ్ళంటే చెల్లి, దాని కూతురు. పిల్లని మేం పిడుగు అంటాం. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు చెల్లికి ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ ఉండేది, నర్సు కదా. మరిది లారీ తీసుకుని వెళ్తే వారానికి గానీ ఇల్లు చూసేవాడు కాదు. కాబట్టి పిడుగుకి అన్నం పెట్టి, పక్క వేసి, కథ చెప్పి నిద్రపుచ్చింది ఈ పెద్దమ్మే. ఏ పుస్తకంలోంచీ తీసిన కథలు కావు, అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు అల్లినవి. తెల్లవారకముందే బేకరీకి వెళ్ళి పిండి పిసకాల్సినదాన్ని, అయినా ఒక్క రోజు మానలేదు. నాకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఈ పిల్లకి కథలు చెప్పిన పెద్దమ్మని, అంతే నేను. అట్ట మీద నా పేరు ఉంటుందా, ఉండదా? నా గొడవంతా అదే.

కథలన్నీ పిడుగు గుర్తుచేస్తుంటే టైపు చేసింది చెల్లి. అప్పుడే అడిగాను, "ఎవరి పేరు వేస్తున్నారే?" అని. "అవన్నీ వాళ్ళు చూసుకుంటార్లే అక్కా" అంటూ వంటింట్లోకి జారుకుంది. ఆ తర్వాత పుస్తకాల ఆఫీసు నుంచి ఫోనొస్తే చాలు, బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడేది. నేను బట్టలారేసే వంకతో వెళ్తే, "సరే మేడమ్, మళ్ళీ చేస్తా" అని పెట్టేసేది. పిల్లల కథల పుస్తకానికి అన్ని గుసగుసలేమిటి?

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పక్కనే కట్టలు కట్టిన పుస్తకాలు, లోపల కొత్త కాగితం వాసన. మా పుస్తకం చూసే ఎడిటరమ్మ చిన్నదే, ముప్పై ఉంటాయేమో. నన్ను చూడగానే కంప్యూటర్ తెర కాస్త అటు తిప్పింది. నేను గమనించలేదనుకుంది పాపం.

"ఇవాళ పేరూ, వెనకట్ట మీద మాటలూ తేల్చెయ్యాలండీ" అంది. "మా దగ్గర ముందు అట్ట అచ్చవుతుంది, లోపలి పేజీలు ఆ తర్వాతే. రేపు అట్ట ప్రెస్సుకి వెళ్ళాలి."

అంటే ఇవాళ నా పేరు పడకపోతే ఇక పడదన్నమాట. కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాను.

ఆవిడ అనుకున్న పేర్లు చదివింది. 'జోకొట్టే కథలు', 'దిండు కింద కథలు', 'హాయిగా బజ్జో'.

"దుప్పట్ల కొట్టు బోర్డుల్లా ఉన్నాయమ్మా" అన్నాను. "సరే, వెనకట్ట మీద ఏం రాశారో చదవండి."

ఎడిటరమ్మ చెల్లి వైపు చూసింది. చెల్లి తేలు కుట్టిన దొంగలా తల దించుకుంది.

"'ఓ అమ్మ తన కూతురికి రోజూ పడుకోబోయే ముందు చెప్పిన కథలివి...'"

అమ్మ! నా ఒళ్ళు భగ్గుమంది. "ఏ అమ్మ? కూరలో కరివేపాకులా నన్ను తీసి పక్కన పెట్టేశారా? నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది. ఎప్పుడు చెప్పావే నువ్వు కథలు?"

చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"కాదు, ఇక్కడే తేలాలి."

బల్ల మీదున్న ప్రూఫు కాగితాలు లాక్కున్నాను. అప్పటిదాకా వాటిని చదవలేదు. నా కథలు నేను చదువుకోవడమేమిటని ఊరుకున్నాను. చీకటంటే భయపడే వీధిదీపం కథ తీశాను. మొదలంతా నాదే. చివరికొచ్చేసరికి మాత్రం ఓ ముసలావిడ వచ్చి కిందపడ్డ తాళంచెవి వెతుక్కుంటుంది, ఆవిడకి కనపడాలని దీపం భయం మరిచి వెలుగుతుంది. ఇది నేనెప్పుడు చెప్పాను? ఒంటి చెప్పు కథ చూశాను, తుమ్ములు ఆగని రైలు కథ చూశాను. ఒక్కటంటే ఒక్క కథకీ నా ముగింపు లేదు. ఇప్పుడర్థమైంది వీళ్ళ పన్నాగం. చివరలు మార్చేస్తే కథలు చెల్లి సొంతమైపోతాయని!

"నా కథల తోకలు కత్తిరించి వేరేవి అతికించారే!" అని అరిచాను. పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు.

ఎడిటరమ్మ కంగారుపడింది. "అయ్యో, మీ ముగింపే వేద్దామండీ. చెప్పండి, వీధిదీపం చివరికి ఏమవుతుంది?"

నోరు తెరిచాను. దీపం వణుకుతుంది, కళ్ళు గట్టిగా మూసుకుంటుంది, వీధంతా చీకటి. ఆ తర్వాత? ఒంటి చెప్పు బస్సెక్కుతుంది. ఎక్కడ దిగుతుంది? రైలు తుమ్ముతుంది, మళ్ళీ తుమ్ముతుంది. మరిచిపోవడం కాదు, అసలు ఆ తర్వాత ఏమీ లేదు.

"అప్పటికే పిడుగు నిద్రపోయేది. ఇక చివర ఎవరికి చెప్పాలి?" అన్నాను.

"నేను కాదు పెద్దమ్మా" అంది పిడుగు. "నువ్వు."

"నోర్ముయ్యవే" అంది చెల్లి.

"ఎందుకు ముయ్యాలి? సగం కథలో పెద్దమ్మకి గురక వచ్చేసేది. కదిపితే 'ఆఁ, అప్పుడూ...' అని మళ్ళీ గురక. నేను దుప్పటి కప్పి, హాల్లోకొచ్చి అమ్మ కోసం కూర్చునేదాన్ని. కథ ఎక్కడిదాకా వచ్చిందో చెప్తే మిగతాది అమ్మ చెప్పేది. రోజూ అంతే."

రోజూ! అంత చిన్నపిల్ల, ఒక్కర్తే హాల్లో కూర్చుని ఉంటే పక్క గదిలో నేను గుర్రుపెట్టి పడుకున్నానా?

"మరి నాకు చెప్పలేదేమే ఇన్నేళ్ళూ?" అని చెల్లిని అడిగాను.

"చెప్తే ఊరుకుంటావా? కళ్ళల్లో నీళ్ళు కొట్టుకుని మరీ మేలుకునేదానివి. నీకు దొరికేదే కాస్త నిద్ర. అందుకే చివరలు నావని నీకు చెప్పొద్దని మేడమ్‌ని కూడా బతిమాలుకున్నా." చెల్లి పైట కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది. "అదొక్కటే కాదక్కా. నువ్వు కథ పూర్తిచేస్తే అది నిద్రపోయేది. ఇక నాకేం మిగిలేది? పొద్దున్నే తిట్టి లేపడం, తిట్టి బడికి తోలడం. దాంతో మంచిగా గడిపింది ఆ కాస్త చివరే. రోజూ మెట్లెక్కుతూ, అక్క ఈపాటికి నిద్రపోయి ఉంటే బాగుండు అనుకునేదాన్ని."

"అందుకని 'ఓ అమ్మ' అని రాయించావా?"

"తప్పే అక్కా. ఒక్కసారి అలా అనిపించుకోవాలనిపించింది."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. సిగ్గేసింది, జాలేసింది. నా మీదో దాని మీదో తెలియలేదు.

"ఆ దుప్పట్ల కొట్టు పేర్లన్నీ కొట్టెయ్యమ్మా" అన్నాను ఎడిటరమ్మతో. "'పెద్దమ్మ నిద్రపోయాక' అని పెట్టండి."

పిడుగు కిసుక్కున నవ్వింది. "వద్దక్కా, అందరూ నిన్ను చూసి నవ్వుతారు" అంది చెల్లి.

"నవ్వనీవే. పిల్లల పుస్తకమేగా."

వెనకట్ట మాటలు పిడుగు చెప్పింది, ఎడిటరమ్మ టైపు చేసింది. 'మొదలుపెట్టేది పెద్దమ్మ, పూర్తిచేసేది అమ్మ. ఆ మధ్యలో మేలుకుని ఉన్నదాన్ని నేను.' ముందట్ట మీద పైన నా పేరు, కింద చెల్లి పేరు వేశారు.

లేచేటప్పుడు ప్రూఫు కాగితాలు సంచిలో పెట్టుకోబోయాను. "అచ్చుతప్పులు చూస్తారాండీ?" అని అడిగింది ఎడిటరమ్మ.

"లేదమ్మా. నా కథలన్నీ చివరికి ఏమయ్యాయో నాకు తెలీదు కదా."

చెల్లి ఆ కాగితాలు నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టేసింది. "చదవడం దేనికక్కా, నేను చెప్తాగా" అంది. అక్కడే, ఎడిటరమ్మ ముందే, ఏడ్చేశాను.