బొట్టు పెట్టించుకున్న రివాల్వర్

నేను ఒక పిరికి రివాల్వర్ని. నవ్వకండి. నా ఎదుట నిలబడినవాళ్లు వణకడం మీకు తెలుసు. నన్ను పట్టుకున్న చేతికోసం నేను వణకడం మీకు తెలియదు.

ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఒక దొర నడుముకు వేలాడి, ఆయన పోతూ పోతూ అమ్మేస్తే చిత్తూరు దగ్గర మామిడితోపుల నాయుళ్ల ఇంట పడ్డాను. అడవిపందుల్ని బెదిరించడమే నా ఉద్యోగం. దానికితోడు ఏటా ఆయుధపూజ. నువ్వులనూనె పట్టించి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఇంటి వారసుడి చేత ఆకాశంలోకి ఒక గుండు పేల్పించేవారు. మనుషులు దేన్నైనా పాడుచేసేముందు దణ్ణం పెడతారు కాబోలు! ఆ నూనె, ఆ కుంకుమ కడుపులో జిగటగా పేరుకుని, గుండ్లు నింపే చక్రాన్ని ఆపే కొక్కెం అరిగిపోయింది. గొట్టానికి సరిగ్గా ఎదురుగా నిలవాల్సిన చక్రం తాగినవాడిలా ఊగేది.

ఇప్పటి యజమాని మునిరత్నం నాయుడికి కొడుకుల్లేరు. ఆ ఏడు కూతురు దేవకి పేల్చాలని నిశ్చయించాడు. అది విన్నప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

చక్రం ఊగడం ఆ పిల్ల కనిపెట్టింది. తండ్రిని వెంటబెట్టుకుని, తుపాకులు బాగుచేసే పీరాన్ సాయబు అంగడికి నన్ను తెచ్చింది. ఆయన నా వీపునున్న సుత్తిని మెల్లగా వెనక్కి లాగి, చక్రాన్ని వేలితో కదిపి చూశాడు. నన్ను జాగ్రత్తగా బల్లమీద పెట్టేశాడు.

"సామీ, గుండు గొట్టం అంచుకు తగిలితే ఎనక్కి చిమ్ముతాది. పట్టుకున్న చెయ్యి మిగలదు."

నన్ను విప్పితే లోపలంతా ఎర్రటి ముద్ద. "ఇదేంది సామీ, దీని పేగులకు గూడా బొట్టు పెట్టినారా?"

కడిగి, కొత్త కొక్కెం ఆకురాయితో రుద్ది బిగించాడు. సుత్తి లాగితే చక్రం కొక్కేనికి చిక్కి టక్కుమన్నాను. "ఈ సప్పుడు ఇనపడకుంటే గుండు ఎయ్యొద్దు అమ్మణ్ణీ. లోపలికి నూనె, కుంకుమ పోనీయొద్దు" అని దేవకికి చెప్పాడు.

పూజనాడు నన్ను పీటమీద పెట్టారు. నాయుడు నూనెగిన్నె, కుంకుమ పళ్లెం తెచ్చాడు.

"వద్దు నాయనా" అంది దేవకి.

"బొట్టు లేని పూజ యాడన్నా ఉండాదా?" అంటూ నామీద నూనె ధారగా పోసి, గుప్పెడు కుంకుమ చల్లాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

దేవకి గుండ్లు వేయకుండా, నన్ను నేలవైపు తిప్పి సుత్తి లాగింది. పలుకుదామని ఎంత గింజుకున్నా గొంతులో ముద్ద. టక్కుమనలేదు.

"నేను పేల్చను నాయనా."

"పరువు తీస్తావా ఏమే? ఊరంతా చూస్తా ఉండారు!"

"అయితే నువ్వే పేల్చు."

నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుండు కూడా తీసుకున్నాడు. ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. సాయబు మాట గుర్తొచ్చిందేమో, ఆయన చూపు తన చేతిమీద ఆగింది. ఆ తర్వాత కూతురి చేతిమీద. ఇందాక నన్ను పట్టుకుంది ఆ చెయ్యే.

గుండు పళ్లెంలో పడేశాడు. వేలికి కుంకుమ అద్దుకుని దేవకి ముంజేతికి బొట్టు పెట్టాడు.

"పూజ అయిపోయింది, పోండి" అన్నాడు ఊరివాళ్లతో. అప్పటికిగానీ నా వణుకు ఆగలేదు.