రెండు వేళ్ళ వదులు

ఫోను స్పీకరులో పెట్టడం అల్లుడు చేసిన మొదటి తప్పు. పక్కన మిక్సీ తిరుగుతుండగా పెట్టడం రెండో తప్పు. అవతల మెకానిక్కు షాపులో సరిగ్గా అదే క్షణాన ఎవరో ఇనుము కోస్తూ ఉండడం అతని తప్పు కాదు గానీ, ఆ ఇంట్లో దిక్కులేని తప్పులన్నీ చివరికి అతని పంచనే చేరతాయి కనక దాన్నీ కలిపేసుకోవచ్చు.

"ఈ చెయిను సంగతి ఇలా తేలదు సార్," అన్నాడు ఫోనులో మెకానిక్కు. "ముందు మీ అత్తగారి బరువు ఎంతో తేల్చాలి. ఆవిణ్ణి షాపుకి తీసుకురండి. ఇక్కడ మావాళ్ళు నలుగురూ ఉంటారు. కూర్చోబెట్టి తేల్చేస్తాం."

మిక్సీ ఆగింది. వంటింటి గుమ్మంలో అత్తగారు గరిటెతో సహా ప్రత్యక్షమైంది.

"ఏమిటీ, నా పరువు తేలుస్తాడా? నలుగురు కలిసి?"

"పరువు కాదత్తయ్యా, బ..." అని నోరు తెరిచిన అల్లుడు, ఆ 'బ' దగ్గరే బ్రేకు వేశాడు.

ఎందుకంటే ఆ ఇంట్లో ఆ మాట నిషేధం. కాళ్ళ కింద పెట్టుకు తూచుకునే యంత్రం స్నానాలగదిలో బోర్లా పడి, సబ్బుపెట్టెకి పీటగా బతుకుతోంది. కూరగాయల కొట్లో కూడా అత్తగారు వెంట ఉంటే దుంపలు తూచరు, చేటెడు ఇంత అని కొంటారు. అటువంటి మనిషి ముఖం మీద 'మీ బరువు' అనడమా, 'నా పరువు' అనుకుంటే అనుకోనివ్వడమా? అల్లుడు క్షణంలో ఆలోచించి, ప్రాణంలో ఉన్నది కూడా 'ప' యే కదా అని దానికే ఓటు వేశాడు.

"వస్తాను అల్లుడుగారూ," అంది అత్తగారు. మామూలప్పుడు అతను ఉత్త అల్లుడే. కోపం వస్తేనే వెనక గారు తగులుతుంది. "తమరి మెకానిక్కుగారు నా పరువు ఎలా తేలుస్తాడో నేనూ చూస్తాను."

అసలు గొడవంతా వాళ్ళ వీధిది. ఇల్లు పైన, బజారు కింద, మధ్యలో నిచ్చెన లాంటి ఎత్తు. ఇంట్లో ముగ్గురూ ఒకే బండి మీద ఇంటికి చేరాలని అల్లుడికి కోరిక. ఒక మోటారు సైకిల్ని నడిమికి కోయించి, సాగదీయించి, మూడు సీట్లు వేయించి, వెనక్కి కారు స్ప్రింగులు బిగించి, ఏ కంపెనీ కనని బండిని తనే కన్నాడు. కన్నప్రేమ కొద్దీ దానికి అద్దం లాంటి రంగు కూడా వేయించాడు. సగం దారిలో తప్పకుండా ఆగుతుంది కనక వీధివాళ్ళు దానికి పాసింజరు అని పేరు పెట్టారు.

అది ఆగే స్టేషను మంగలి షాపు. సరిగ్గా అక్కడికి రాగానే ఇంజను ఒక దగ్గు దగ్గి చల్లబడేది. చివరి సీట్లోంచి అత్తగారు దిగేది. ఆవిడ దిగగానే బండి చెంగున లేచి ఎక్కేసేది. మేడల మీంచి జనం చూసేవారు. మంగలి సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి, కత్తితో సహా బయటికొచ్చి చూసేవాడు. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా, బండి వెనకాలే, దాన్ని తనే తోలుతున్నట్టు నడిచేది.

క్రితంసారి ఇల్లు చేరాక భార్య తలుపు వేసి చెప్పింది. "ఏవండీ, ఇంకొక్కసారి మా అమ్మ మధ్యలో దిగి నడిచిందంటే, మర్నాడు మీ బండి కూడా నడుచుకుంటూ పాత ఇనుము కొట్టుకి పోతుంది. దాన్ని తోసేది నేనే."

అల్లుడికి భార్య మాట మీద గౌరవం కన్నా నమ్మకం ఎక్కువ.

మెకానిక్కుని ఊళ్ళో లింకు మాస్టారు అంటారు. చెయిను లింకులు వేస్తాడని కొందరు, మాటకీ మాటకీ లింకు ఉండదు కనక అని కొందరు. అత్తగారు పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికి తీసే కళ్ళద్దాలు పెట్టుకుని షాపులో దిగేసరికి, అతను బండి పక్కన చతికిలబడి పళ్ళు లెక్కపెడుతున్నాడు.

"రండమ్మగారూ. మీ అల్లుడు ఈ బండికి ముందు పదిహేను పళ్ళ చక్రం, వెనక నలభై రెండు పళ్ళది వేయించాడు. చదునుమీద పరిగెత్తడానికి బ్రహ్మాండం. ఎత్తు ఎక్కడానికి పళ్ళికిలించడం తప్ప ఏమీ చేయదు. అందుకని ముందు ఒక పన్ను పీకేశాను, వెనక ఆరు కట్టాను."

"నాకు వెనక నాలుగు పళ్ళు ఊడితే పట్టించుకున్నవాడు లేడు. బండికి ఆరు కట్టించాడూ?" అంది అత్తగారు అల్లుడి వైపు తిరిగి.

"ముందు ఒక పన్ను తగ్గిస్తే వెనక మూడు పెంచినట్టే లెక్కమ్మా. ఇక వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. చక్రం పెద్దదైంది కదా, చెయిను చాల్లేదు. రెండు లింకులు కలిపాను. చెయినుకి ఎప్పుడూ జంటే కలపాలి, లోపలిదొకటి, బయటిదొకటి. ఒంటరి లింకుని చెయిను రానివ్వదు, ఆలుమగల కొంపలాగా. ఇంతవరకూ బానే ఉంది. ఇప్పుడు అమ్మగారి బ..."

అల్లుడు పొలమారినట్టు దగ్గాడు. మాస్టారు లోకం చూసినవాడు. మాట మింగి, ఇంకోటి తీశాడు.

"...బండి మీద కూర్చోవడం చూడాలి. మనుషులు కూర్చుంటే స్ప్రింగులు దిగుతాయి. దిగితే ముందు పళ్ళచక్రానికీ వెనక పళ్ళచక్రానికీ ఎడం పెరిగి చెయిను బిగుస్తుంది. ఖాళీ బండికి సరిపెడితే దారిలో తెగుతుంది. అందుకని ముగ్గురూ కూర్చోవాలి. అప్పుడు చెయిను రెండు వేళ్ళంత వదులు ఉండాలి. అంతకన్నా బిగువు పనికిరాదు."

అత్తగారు షాపు నలువైపులా చూసింది. నలుగురు మనుషులు బండికి నాలుగు పక్కలా వంగి, స్ప్రింగుల వైపు కళ్ళు అప్పగించి ఉన్నారు. ఆవిడకి అంతా అర్థమైపోయింది. తను కూర్చుంటే బండి ఎంత దిగుతుందో నలుగురికీ చూపించడం. పరువు తేల్చడమంటే ఇదన్నమాట.

అల్లుడు ముందు ఎక్కాడు, భార్య మధ్యలో. చివరికి అత్తగారు, దర్జాగా, నెమ్మదిగా. పైన ఎక్కడో ఇనుము గలగలమంది. గాలికి అనుకున్నాడు అల్లుడు. వెనక్కి తిరిగి చూస్తే అత్తగారిని పరీక్షించినట్టుంటుందని తిరగలేదు. స్ప్రింగులు వేలెడు కూడా దిగలేదు. అతని ఛాతీ మాత్రం జానెడు పెరిగింది. ఎంత మంచి స్ప్రింగులు ఎంచాడు తను.

"అబ్బ, అమ్మగారు పువ్వులా కూర్చున్నారు," అన్నాడు మాస్టారు, నేలమీద పడుకుని చెయిను ఆడిస్తూ.

"మరేమనుకున్నావు నాయనా," అంది పైనుంచి ఒక తేలికపాటి గొంతు.

రెండు వేళ్ళు. లెక్క కుదిరింది. మాస్టారు ఇరుసు నట్టు బిగించాడు. అయినా ఎందుకో పానా జేబులో వేసుకుని, "నేనూ వెనక నడిచి వస్తాను సార్, బిడ్డని అత్తారింటికి పంపినట్టుంది," అన్నాడు.

ఎత్తు మొదలైంది. కొత్త పళ్ళు రోడ్డుని కరిచి పట్టుకుని లాగుతున్నాయి. బండి నడక వేగంతోనే పోతోంది గానీ ఇంజను గొంతులో దగ్గు లేదు. మేడల మీద జనం నిలబడ్డారు. మంగలి కత్తితో బయటికొచ్చాడు, వెనకాలే సగం గడ్డం కూడా వచ్చింది. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుంది.

మంగలి షాపుకి పది గజాల్లో, ఎత్తు ఇంకా నిటారయ్యేచోట, చెయిను మూలగడం మొదలుపెట్టింది. మూలుగు పాటైంది, పాట కీచు అయింది. సరిగ్గా షాపు ముందు వెనక చక్రం బిర్రబిగుసుకుని, పాసింజరు తన స్టేషన్లో ఆగింది.

అల్లుడు బ్రేకు గట్టిగా పట్టుకున్నాడు. రంగు, సీట్లు, స్ప్రింగులు అన్నీ పాత ఇనుము కొట్టు గుమ్మంలో కనిపించాయతనికి.

"అమ్మా, దిగకు," అంది భార్య. తల్లికి చెబుతోందో తనకి చెబుతోందో అల్లుడికి తెలియలేదు.

మాస్టారు ఆయాసపడుతూ వచ్చి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, చెయిను కింద వేలు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ముఖం చిన్నబోయింది.

"షాపులో రెండు వేళ్ళు ఆడిందండీ. ఇప్పుడు గోరు కూడా దూరట్లేదు. చెయిను కుదించుకుపోదు. మరి దారిలో మీరెవరైనా ఏమైనా తిన్నారా?"

"కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను," అంది అత్తగారు. మేడల మీద గుసగుసలు మొదలవడంతో, అందరూ నోరు మూసుకోండి అన్నట్టు ఆవిడ చెయ్యెత్తింది.

వీధి నిజంగానే నోరు మూసుకుంది. ఆవిడ అరచెయ్యి నల్లగా ఉంది. ఆ మొదటినుంచి ఈ చివరికి జిడ్డు. ఆ జిడ్డులో వరసగా లావుపాటి గొలుసు కన్నాల అచ్చు.

మాస్టారు ఆ చేతిని చూశాడు. షాపులో బండి పైన ఇంజన్లు ఎత్తే గొలుసు ఒకటి కొక్కెంతో సహా వేలాడుతూ ఉంటుంది. దానికి అతను నిన్ననే గ్రీజు పెట్టాడు.

"అమ్మగారూ," అన్నాడు మెల్లగా, "మీరు కూర్చున్నారా, వేలాడారా?"

అత్తగారు కళ్ళద్దాల మీంచి మాస్టారుని చూసింది. "పరువు తేలుస్తానన్నావు కదా," అంది. "నువ్వు తేల్చేలోపు నేనే కాస్త తేలాను. నేను కూర్చోగానే బండి భూమిలోకి దిగిపోతే నలుగురూ చూడరూ?"

"అత్తయ్యా, మీరు తేలడంవల్లే బండి తేలిపోయింది. గొలుసు మోసిన వాటా ఇప్పుడు ఈ చెయిను మోస్తోంది," అన్నాడు అల్లుడు. అంత నిజం ఆవిడ ముందు అతను ఎప్పుడూ మాట్లాడలేదు. "ఒక్కసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మామూలుగా కూర్చోండి. దిగితే దిగనివ్వండి."

ఆవిడ కూతురు వీపు వైపు చూసింది, మేడల వైపు చూసింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలా కాలంగా పట్టి ఉంచిన ఊపిరి ఏదో వదిలింది. మాస్టారు రోడ్డుమీద పడుకుని ఇరుసు నట్టు వదులుచేయగానే, బిగిసిన చెయిను ఆపి ఉంచిన స్ప్రింగులు కిర్రుమంటూ జానెడు దిగాయి. ఎవరూ నవ్వలేదు. మంగలి అయితే కత్తి కిందికి దించాడు.

మాస్టారు ఇరుసుని గాడిలో ముందుకు జరిపి, వేళ్ళు పెట్టి చూశాడు. ఒకటి, రెండు. నట్టు బిగించి, రాయి తీశాడు.

పాసింజరు మొట్టమొదటిసారి ఎవర్నీ దించకుండా ఆ స్టేషను దాటింది. నలభై ఎనిమిది పళ్ళూ నములుకుంటూ, ముగ్గుర్నీ మోసుకుంటూ, ఇంటి గుమ్మం దాకా ఎక్కింది. వీధి సగం వెనకాలే నడిచి వచ్చింది, మంగలి షాపు గడ్డంతో సహా.

"అమ్మ పరువు తేలుస్తాననడానికి నీకు నోరెలా వచ్చింది మాస్టారూ?" అంది భార్య బండి దిగుతూనే.

"పరువా? అయ్యో, నేను ఆ మాటే అన్లేదమ్మా. ఫోనులో బరువు అన్నాను. బ, బండిలో బ. మిక్సీ మోతలో అలా వినపడి ఉంటుంది. మీ ఆయనకి తెలుసే."

వీధంతా అల్లుడి వైపు తిరిగింది. అతను హెల్మెట్ తీయకుండా తలూపాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పబోయాను. 'బ' దాకా వచ్చాను," అన్నాడు హెల్మెట్లోంచి.

అత్తగారు నల్లటి అరచేతిని అల్లుడి అద్దం లాంటి బండి రంగు మీద తీరుబడిగా తుడుచుకుంది.

"చెప్పకపోవడమే మంచిదైంది అల్లుడూ," అంది. గారు లేదు. "పరువు కనక షాపు దాకా వచ్చాను. బరువని చెప్పుంటే గుమ్మం దాటేదాన్ని కాదు."